బ్రేక్ డిస్క్‌లు మార్చాలా వద్దా? ముందు మందం ఎంతుందో అడగండి

ప్రశ్న: మాది వనస్థలిపురం, ఆఫీసు గచ్చిబౌలిలో. వారంలో మూడు రోజులు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి వెళ్తాను, మిగతా రోజులు ఊళ్లోంచే. కారు 2020 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, 62,000 కిలోమీటర్లు తిరిగింది. ప్యాడ్లు ఒకసారి మార్చాం. రెండు నెలలుగా స్పీడులో బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే ముందు చక్రాల డిస్క్‌లు, ప్యాడ్లు రెండూ మార్చాలని 11,400 రూపాయల ఎస్టిమేట్ ఇచ్చారు. మా కాలనీలో షెడ్డు నడిపే మెకానిక్ భాయ్ మాత్రం 'డిస్క్‌లు బండి ఉన్నన్ని దినాలు ఉంటయి మేడమ్, లేత్ పట్టిస్తే సరిపోతది' అంటున్నాడు. అంటే మెషిన్ మీద డిస్క్ పైపొర చెక్కించడమట. దానికితోడు వాన పడ్డ మర్నాడు సెల్లార్‌లోంచి కారు తీస్తుంటే గరగరమని చప్పుడు, డిస్క్ మీద తుప్పు. మూడు వారాల్లో అత్తయ్య, మామయ్యలని, పిల్లల్ని తీసుకుని శ్రీశైలం వెళ్లాలి. నేనే నడపాలి. చాలా టెన్షన్‌గా ఉంది. అసలు డిస్క్‌లు ఎన్నాళ్లు వస్తాయి? నేనెవరి మాట వినాలి?

— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీ ఉత్తరంలో కిలోమీటర్లు ఉన్నాయి, రూపాయలు ఉన్నాయి, మిల్లీమీటర్లు మాత్రం లేవు. అది మీ తప్పు కాదు. సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పలేదు, భాయ్ కూడా చెప్పలేదు. మీ డిస్క్ ఇప్పుడు ఎంత మందం ఉంది? ఆ ఒక్క అంకె తెలిస్తే ఎవరి మాట వినాలన్న ప్రశ్నే ఉండదు. కాబట్టి రేపో ఎల్లుండో మీరు చేయాల్సిన మొదటి పని, చక్రం విప్పించి ఆ మందం కొలిపించడం. ఎందుకో, ఎలాగో వివరంగా చెప్తాను. ఘాట్ రోడ్డులో పెద్దవాళ్లనీ పిల్లల్నీ కూర్చోబెట్టుకుని నడపబోతున్నారు, సగం సగం తెలిస్తే సరిపోదు.

బిల్లు మీద రోటర్ అని రాసినా, షెడ్డులో డిస్క్ అన్నా, డిస్క్ ప్లేట్ అన్నా వస్తువు ఒకటే. చక్రంతో పాటు తిరిగే పోత ఇనుము పళ్లెం. మీరు పెడల్ తొక్కితే క్యాలిపర్ దానికి రెండు పక్కలా ఉన్న ప్యాడ్లని దాని మీద అదుముతుంది. ఆ రాపిడికి బండి వేగం వేడిగా మారుతుంది. ఎంత వేడి అంటే, మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న కారు గంటకి 60 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆగితే పుట్టే వేడితో లీటరు నీళ్లని 30 డిగ్రీల నుంచి 70 డిగ్రీల దాకా కాచొచ్చు. అదే కారు 100లో వస్తూ ఆగితే దాదాపు మూడు లీటర్లు కాచొచ్చు. వేగం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందుకి వాలుతుంది కాబట్టి ఈ వేడిలో మూడింట రెండు వంతులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, ముందు డిస్క్‌ల మీదే పడుతుంది. అందుకే ఎప్పుడూ ముందువే తొందరగా అరుగుతాయి. మీలాంటి చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ బ్రేకులే ఉంటాయి, వాటి సంగతి వేరు.

ఆ వేడినంతా కాసేపు తనలో దాచుకుని, తర్వాత గాలికి వదలడమే డిస్క్ పని. మందంగా ఉన్న పళ్లెం ఎక్కువ వేడిని దాచుకుంటుంది. అరిగి పలచబడ్డది తొందరగా కాలిపోతుంది. మీ ముందు డిస్క్‌ని అంచు వైపు నుంచి చూస్తే రెండు రేకుల మధ్య గాలి పోవడానికి సందులు కనిపిస్తాయి. అరిగేకొద్దీ ఆ రెండు రేకులే పలచబడతాయి, వేడికి పగిలే ప్రమాదం పెరుగుతుంది. పైగా డిస్క్, ప్యాడ్లు రెండూ బాగా అరిగిపోతే క్యాలిపర్‌లో ప్యాడ్లని నెట్టే పిస్టన్ ఉండాల్సిన దానికన్నా చాలా బయటికి రావాల్సి వస్తుంది. కారు తయారుచేసినవాళ్లు ఇవన్నీ లెక్కేసి, ఇంతకన్నా పలచబడితే వాడకూడదు అని ఒక కనిష్ఠ మందం పెడతారు. చాలా డిస్క్‌ల మీద ఆ అంకె పోత పోసే ఉంటుంది. మధ్యలో టోపీలా పొంగిన భాగం మీద గానీ, అంచున గానీ 'మిన్ టీహెచ్' అన్న గుర్తు, దాని పక్కన మిల్లీమీటర్లలో అంకె. తుప్పు కింద దాగుంటే వైర్ బ్రష్‌తో రుద్దితే బయటపడుతుంది. అస్సలు కనిపించకపోతే మీ మోడల్‌కి కంపెనీ పెట్టిన కొలత ఎంతో సర్వీస్ సెంటర్‌లో అడగండి, వాళ్ల మాన్యువల్‌లో ఉంటుంది.

చాలా కార్లలో కొత్త డిస్క్‌కి, కనిష్ఠ మందానికి మధ్య తేడా సుమారు రెండు మిల్లీమీటర్లే. రెండు పక్కలా అరుగుతుంది కాబట్టి ఒక్కో పక్క ఒక మిల్లీమీటరు. డిస్క్ జీవితమంతా ఆ కాస్త ఇనుములోనే ఉంది.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్న, ఎన్నాళ్లు వస్తాయని. మామూలుగా 50,000 నుంచి లక్ష కిలోమీటర్లు అంటారు, రెండు మూడు జతల ప్యాడ్లు మారేసరికి ఒకసారి డిస్క్‌లు మారతాయని కూడా అంటారు. రెండూ తప్పు కాదు. కానీ ఆ మాటతో మీరేం చేస్తారు? 50,000కీ లక్షకీ మధ్య ఉన్న తేడా అంతా ఎక్కడ నడుపుతారు, ఎలా నడుపుతారు అన్నదాంట్లో ఉంటుంది. రోజూ మలక్‌పేట, కోఠి, లక్డీకాపూల్ మీదుగా ఆగుతూ ఆగుతూ తిరిగే కారుకి పది కిలోమీటర్లలో పడే బ్రేకులు, వరంగల్ హైవే మీద వంద కిలోమీటర్లలో కూడా పడవు. ఔటర్ మీద కిలోమీటర్లు గబగబా పెరుగుతాయి గానీ బ్రేక్ పెద్దగా అరగదు. మీది సగం అది, సగం ఇది. అందుకే మీటర్ రీడింగ్ చూసి మీ డిస్క్ సంగతి నేను చెప్పలేను. మీటర్ చూసి చెప్తున్నవాళ్లని కూడా నమ్మొద్దనే అంటాను.

కొలిచాక లెక్క ఎలా చూడాలో ఒక ఉదాహరణతో చెప్తాను. మీ డిస్క్ కొత్తప్పుడు 20 మిల్లీమీటర్లు, కనిష్ఠం 18 అనుకుందాం. ఇవి ఉదాహరణకే, మీ కారు అంకెలు మీ డిస్క్ మీద చూసుకోండి. కొలిస్తే 19.2 వచ్చింది. అంటే 62,000 కిలోమీటర్లకి 0.8 అరిగింది, ఇంకా 1.2 మిగిలింది. ఇదే తీరున అరిగితే ఇంకో 93,000 కిలోమీటర్లు నడుస్తుంది. అప్పుడు ప్యాడ్లు మాత్రం మార్చుకుంటే చాలు. అలా కాకుండా 18.6 వచ్చిందనుకోండి. 1.4 అరిగింది, 0.6 మిగిలింది. ఇంకో 26,000 కిలోమీటర్లు. పైకి చూస్తే ఇంకా చాలా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ మీరు ఇప్పుడు వేయించే కొత్త ప్యాడ్లు 30,000 పైనే వస్తాయి కదా. ఆ ప్యాడ్లు అరిగేలోపే డిస్క్ కనిష్ఠానికి దిగువకి పోతుంది. అప్పుడు ఇంకా పూర్తిగా అరగని ప్యాడ్లు తీసేసి, మళ్లీ లేబర్ కట్టి, రెండూ మార్చాలి. ఇలాంటప్పుడు ప్యాడ్లతో పాటే డిస్క్‌లు కూడా మార్చేయమని నేను చెప్తాను. ఇక 18 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ఆలోచించేదేం లేదు, మార్చాల్సిందే.

చూశారా, సర్వీస్ సెంటర్ మాట నిజం కావచ్చు, భాయ్ మాటా నిజం కావచ్చు. ఇద్దరూ కొలత చెప్పకుండా మాట్లాడటమే నాకు నచ్చలేదు. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్క్‌లు మార్చాలన్నది తప్పు. బండి ఉన్నన్నాళ్లూ ఉంటాయన్నది అంతకన్నా ప్రమాదకరమైన తప్పు.

కొలవడంలో ఒక చిక్కుంది, ఇది చాలా షెడ్లలో జరిగే పొరపాటు. డిస్క్ అరిగేది ప్యాడ్ తగిలే మేరకే. బయటి అంచున ప్యాడ్ తగలని సన్నని పట్టీ అరగకుండా అలాగే మిగిలి, గట్టు కడుతుంది. చక్రం సందులోంచి వేలు పెట్టి తడిమితే మీకే తెలుస్తుంది, కారు చల్లారాకే సుమా. మామూలు వెర్నియర్ పెట్టి కొలిస్తే దాని దవడలు ఆ గట్టు మీద కూర్చుంటాయి, అరిగిన డిస్క్ కూడా కొత్తదానిలా చూపిస్తుంది. సరైన పనిముట్టు మైక్రోమీటర్. అది గట్టు దాటి లోపలికి వెళ్లి కొలుస్తుంది. మైక్రోమీటర్ లేని షెడ్డులో ఒక ఉపాయం చేయొచ్చు. రూపాయి బిళ్లలు రెండు తీసుకుని వాటి మందం కలిపి ముందు కొలవాలి. తర్వాత డిస్క్‌కి అటొకటి ఇటొకటి పెట్టి, వాటి మీంచి వెర్నియర్‌తో కొలిచి, బిళ్లల మందం తీసేయాలి. మైక్రోమీటర్ అంత ఖచ్చితంగా రాదు గానీ, మోసపోకుండా ఉండడానికి సరిపోతుంది. ఒక్కచోట కాకుండా చుట్టూ ఆరేడు చోట్ల, అంచు నుంచి సుమారు సెంటీమీటరు లోపలికి కొలవాలి. వాటిలో అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

అడగడానికి మొహమాటపడకండి. 'డిస్క్ మందం ఎంత వచ్చింది, కనిష్ఠం ఎంత, రెండూ జాబ్ కార్డు మీద రాసివ్వండి' అని మర్యాదగా అడగండి. కొలిచేటప్పుడు దగ్గర నిలబడి చూస్తానని చెప్పండి. మంచి సర్వీస్ అడ్వైజర్ సంతోషంగా చూపిస్తాడు. 'అరిగిపోయింది మేడమ్, చూస్తేనే తెలుస్తోంది' అని దాటేస్తే అక్కడ పని చేయించొద్దు. భాయ్‌నీ ఇదే అడగండి. అతను రూపాయి బిళ్లలతోనైనా కొలిచి చూపించాడంటే, అతని చేతికి బండి ఇవ్వడానికి నేను వెనకాడను.

ఇక వణుకు సంగతి. ఇది మందం సమస్యకి చుట్టమే గానీ, అదే సమస్య కాదు.

ముందు ఒకటి తేల్చుకోండి. బ్రేక్ వేయకుండా 80, 90లో వెళ్తున్నప్పుడు కూడా స్టీరింగ్ వణుకుతోందా? అలాగైతే ముందు వీల్ బ్యాలెన్సింగ్, టైర్లు చూపించండి, అది తక్కువ ఖర్చుతో పోతుంది. బ్రేక్ మీద కాలు పెట్టినప్పుడు మాత్రమే వణికితే డిస్క్‌లనే అనుమానించాలి. స్టీరింగ్‌లో తెలిస్తే సాధారణంగా ముందు చక్రాలు, సీటు కింద తెలిస్తే వెనకవి. ఇంకో మాట. తడి రోడ్డు మీదో ఇసుక మీదో సడన్ బ్రేక్ వేసినప్పుడు పెడల్ టకటకమని కాలిని తన్నినట్టుంటే అది ఏబీఎస్, అంటే చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు, పనిచేయడం. దానికి భయపడి కాలు తీయకూడదు, గట్టిగా అదిమే ఉంచాలి.

డిస్క్ వంకరపోయిందని అందరూ అంటారు. పళ్లెం నిజంగా వంగిపోవడం చాలా అరుదు. ఎక్కువసార్లు జరిగేది వేరు. డిస్క్‌నీ చక్రాన్నీ బిగించే మధ్య భాగాన్ని హబ్ అంటారు. డిస్క్ ఆ హబ్ మీద సరిగ్గా కూర్చోక, తిరిగేటప్పుడు అటూ ఇటూ కాస్త ఊగుతుంది. ఆ ఊగు 0.05 మిల్లీమీటరు దాటితేనే చాలా కార్లలో ఇబ్బంది మొదలవుతుంది. దాదాపు తల వెంట్రుక మందం అది. ఆ ఊగు వల్ల మీరు బ్రేక్ వేయకపోయినా డిస్క్‌లో ఒకేచోటు ప్రతి చుట్టుకీ ప్యాడ్‌కి తగులుతూ ఉంటుంది. కొన్ని వేల కిలోమీటర్లకి ఆ చోటు మిగతా డిస్క్ కన్నా పలచబడుతుంది. ఇక బ్రేక్ వేసినప్పుడల్లా ప్యాడ్ మందం మీంచి పలచదనం మీదకి, మళ్లీ మందం మీదకి ఎక్కి దిగుతుంది. అదే మీ చేతికి తెలిసే వణుకు.

ఈ సంగతి నేను పుస్తకంలో చదవడానికి ముందే నా కారు మీద నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట నా బండికి ఇదే వణుకు వస్తే ఒక పెద్ద వర్క్‌షాపులో కొత్త డిస్క్‌లు వేయించాను. మొదట్లో వెన్నలా నడిచింది. ఐదు నెలలకి మళ్లీ అదే వణుకు. డిస్క్‌లు నాసిరకం అన్నారు, మళ్లీ మార్చాలన్నారు. మనసొప్పక రాణీగంజ్ వైపు షెడ్డున్న ఒక ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన డిస్క్ తీసి పక్కన పెట్టి, దాని వెనక హబ్ ముఖం నాకు చూపించాడు. తుప్పు పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. కొత్త డిస్క్‌ని ఆ పొక్కుల మీదే బిగించారు. పీట కింద రాయి ఉంటే పీట ఎలా ఊగుతుందో అలా ఊగింది డిస్క్. ఆయన వైర్ బ్రష్‌తో హబ్‌ని మెరిసేదాకా రుద్ది, డిస్క్‌ని చెక్కించి బిగించి, ఊగు ఎంతుందో కొలిచే డయల్ గేజ్ పెట్టి తిప్పి చూపించాడు. ఆ బండి అమ్మేదాకా మళ్లీ వణకలేదు. హబ్ రుద్దడం పది నిమిషాల పని. కానీ ఏ ఎస్టిమేట్‌లోనూ ఆ పని పేరు ఉండదు.

అందుకే మీరు డిస్క్‌లు మార్పించినా, లేత్ పట్టించినా, హబ్ శుభ్రం చేయమని ప్రత్యేకంగా చెప్పండి. చక్రం నట్లు కూడా చూడండి. ఎయిర్ గన్‌తో బరబరా ఒకదాని తర్వాత ఒకటి బిగిస్తే ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ లాగి, డిస్క్ మీద ఒత్తిడి సమంగా పడదు. ఎదురెదురుగా ఉన్న నట్లని మార్చి మార్చి, చివరగా ఎంత బిగువు పడిందో చూపే టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పినంతే బిగించాలి. పంక్చర్ షాపులో టైరు విప్పినప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది. మీకు వణుకు మొదలవడానికి కొన్ని నెలల ముందు టైర్లు మార్చారా, పంక్చర్ వేయించారా? ఒకసారి గుర్తు చేసుకోండి.

వణుక్కి ఇంకో కారణం కూడా ఉంది, అది మీ దారికి సరిపోతుంది. ఔటర్ మీద 100లో వచ్చి, గచ్చిబౌలి దగ్గర దిగి, టోల్ దగ్గర గట్టిగా బ్రేక్ వేసి ఆగి, కాలు అలాగే పెడల్ మీద అదిమి ఉంచుతాం. కాలిపోతున్న ప్యాడ్, కాలిపోతున్న డిస్క్‌కి ఒకేచోట అతుక్కుని ఉంటుంది. ప్యాడ్ పదార్థం కాస్త అక్కడ అచ్చు పడిపోతుంది. అలాంటి మచ్చలు పేరుకుంటే వణుకు వస్తుంది. ముందునుంచే వేగం తగ్గించుకుంటూ వచ్చి, ఆగాక సమతలం మీదైతే పెడల్ వదిలి హ్యాండ్‌బ్రేక్ వేసుకోవడం మంచి అలవాటు. మీలాంటి కార్లలో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలకే పనిచేస్తుంది కాబట్టి ముందువి హాయిగా చల్లారతాయి.

లేత్ గురించి భాయ్ చెప్పినదాంట్లో సగం నిజముంది. డిస్క్ మందం బాగా మిగిలి ఉండి, సమస్య వణుకు మాత్రమే అయితే చెక్కించడం మంచి పనే, ఖర్చూ తక్కువ. కానీ లేత్ అంటే ఇనుము తీసేయడమే కదా. రెండు పక్కలా కలిపి అర మిల్లీమీటరు పోయిందనుకోండి, పైన చెప్పిన 18.6 డిస్క్ 18.1 అయి కూర్చుంటుంది. కొన్నాళ్లకే పారేయాల్సిన దానికి లేత్ డబ్బులు దండగ. 19.2 ఉన్నదాన్ని చెక్కిస్తే 18.7 అవుతుంది. అది కొన్నాళ్లు నడుస్తుంది గానీ ముందు చెప్పిన 93,000 లెక్క మాత్రం మారిపోతుంది. ఇంకొకటి, మామూలు ఇంజినీరింగ్ వర్క్స్‌లో డిస్క్‌ని సెంటర్ చేయకుండా పట్టిస్తే కొత్త ఊగు వచ్చి చేరుతుంది. బ్రేక్ డిస్క్‌లు చెక్కిన అనుభవం ఉన్నవాళ్ల దగ్గరే చేయించాలి. వాన నీటికి లోతైన గుంటలు పడ్డా, వేడికి ముదురు నీలం మచ్చలు పడ్డా, అంచు దాకా పాకిన పగులు కనిపించినా లేత్ మాటే ఎత్తొద్దు. పగులు ఉంటే మందం ఎంతున్నా మార్చేయాలి.

తుప్పు, గరగర చప్పుడు గురించి భయపడకండి. పోత ఇనుముకి రాత్రి పడ్డ తడి చాలు, తెల్లారేసరికి నారింజ రంగు పొర కడుతుంది. సెల్లార్ దాటి రోడ్డెక్కి నాలుగైదు సార్లు బ్రేక్ వేస్తే తుడిచిపెట్టుకుపోతుంది. నెలల తరబడి కదలకుండా ఉన్న కారు సంగతి వేరు. దానికి పడే తుప్పు లోతుగా తింటుంది. మీది రోజూ తిరిగే బండి. భయపడాల్సిన చప్పుళ్లు రెండు. ఒకటి, కీచుమని సన్నగా, బ్రేక్ మీద కాలు పెట్టినప్పుడు వచ్చేది. చాలా ప్యాడ్లకి చిన్న రేకు ముక్క ఉంటుంది, ప్యాడ్ అరిగిపోయే దశకి వచ్చినప్పుడు అది డిస్క్‌కి రాసుకుని అలా అరుస్తుంది. అది వినపడ్డ వారంలో ప్యాడ్లు మార్పించండి. రెండోది, ఇనుముని ఇనుముతో రుద్దినట్టు కరకరమనే చప్పుడు. అంటే ప్యాడ్ పూర్తిగా అరిగి, దాని వెనక ఉన్న రేకు డిస్క్‌ని గీకేస్తోంది. ఆ చప్పుడుతో బండి ఇంటిదాకా కూడా నడపొద్దు, ఉన్నచోటికే మెకానిక్‌ని పిలిపించండి. కొత్త ప్యాడ్‌లో రాపిడి పదార్థం సుమారు పది పన్నెండు మిల్లీమీటర్లు ఉంటుంది. మూడుకి వచ్చాక మార్చేస్తే డిస్క్‌కి ఈ గతి ఎప్పటికీ పట్టదు.

విప్పినప్పుడు ఇంకొకటి చూడమనండి. ఒకే చక్రంలో లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటిది దాదాపు కొత్తగా ఉంటే క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే పిన్నులు బిగుసుకుపోయాయని అర్థం. శుభ్రం చేసి వాటికి సరిపడే గ్రీజు పెట్టకుండా కొత్త డిస్క్‌లు వేస్తే అవీ అలాగే ఒక పక్కకే అరుగుతాయి.

మార్చాల్సి వస్తే ఎడమా కుడీ రెండూ ఒకేసారి మార్చండి. ఒకపక్క కొత్తది, ఒకపక్క పాతది ఉంటే బ్రేక్ వేసినప్పుడు బండి ఒకవైపు లాగుతుంది. కొత్త డిస్క్‌ల మీద పాత ప్యాడ్లు వేయొద్దు, పాత డిస్క్ గీతలకి అలవాటు పడిన ప్యాడ్ కొత్తదాని మీద పూర్తిగా ఆనదు. ఎస్టిమేట్ మరీ ఎక్కువ అనిపిస్తే సామాన్లు మీరే కొనుక్కోవచ్చు. రాణీగంజ్‌లోనూ పుత్లీబౌలీలోనూ స్పేర్ పార్ట్స్ దుకాణాలు వరసగా ఉంటాయి. రిజిస్ట్రేషన్ కార్డు ఫొటో తీసుకెళ్లి, మోడల్, సంవత్సరం, పెట్రోలా డీజిలా అన్నీ చెప్పి, పేరున్న కంపెనీ సరుకే జీఎస్టీ బిల్లుతో తీసుకోండి. బిల్లు ఇవ్వనన్న చోట, ధర మరీ చవగ్గా ఉన్న చోట బ్రేక్ సామాను కొనొద్దు. వేరే ఏ సామానులోనైనా రాజీ పడండి గానీ దీంట్లో వద్దు. కొత్త డిస్క్‌కి తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుంది. బిగించే ముందు దాన్ని బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడిపించండి.

ఇప్పుడు శ్రీశైలం. ఆ దారిలో మన్ననూర్ అటవీ చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవిలోకి వదలరు. గేటు వేసేలోపు చేరాలని జనం బండి తరుముతారు, బ్రేకులు అక్కడినుంచే కాగడం మొదలవుతుంది. మీరు తెల్లవారుజామున బయల్దేరండి, ఆ తొందరే ఉండదు. దోమలపెంట దాటాక డ్యామ్ దాకా మలుపుల మీద మలుపులతో దిగుడు. అక్కడ బ్రేక్ మీదే ఆధారపడి దిగితే డిస్క్ చల్లారే సమయమే దొరకదు. ప్యాడ్ అతిగా కాలితే పట్టు తగ్గుతుంది, మాడిన వాసన వస్తుంది. ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కి చేరితే ఇంకా ప్రమాదం. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. కానీ అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. తేమ చేరిన పాత ఆయిల్‌కి ఉండాల్సిన కనీస మరుగు స్థానం 155 డిగ్రీలే. మరిగితే బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి. మీ ఉత్తరంలో ఆ మాట లేదు కాబట్టి చెప్తున్నాను. ఎప్పుడు మార్చారో పాత బిల్లుల్లో చూడండి, రెండేళ్లు దాటితే ఈసారి డిస్క్‌లు మార్చినా మార్చకపోయినా ఆయిల్ మాత్రం మార్పించండి.

దిగేటప్పుడు రెండో గేరులో ఉంచండి, మరీ వాలుగా ఉంటే మొదటిది. ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేక్‌తో చిన్నగా సాయం చేస్తే చాలు. కాలు పెడల్ మీద ఆనించి ఉంచకుండా, అవసరమైనప్పుడు గట్టిగా ఒకసారి నొక్కి వేగం తగ్గించి వదిలేయండి. న్యూట్రల్‌లో దిగడం పెట్రోల్ మిగుల్తుందని కొందరు చెప్తారు, అత్తయ్యగారో మామయ్యగారో చెప్పినా వినొద్దు. వాసన వస్తే విశాలంగా ఉన్న చోట పక్కకి ఆపి ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి, నీళ్లు మాత్రం పోయొద్దు. కాలిన ఇనుము మీద చన్నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు, నిజంగానే వంకర పోవచ్చు. దూరం నుంచి రాగానే వాటర్ వాష్‌కి ఇవ్వకూడదన్నది కూడా ఇందుకే.

మీకు మూడు వారాలు ఉన్నాయి కాబట్టి ఈ వారమే కొలిపించండి. కనిష్ఠానికి దిగువున్నా, పగులున్నా, ఇనుము గీకే చప్పుడున్నా మార్చకుండా ఆ ప్రయాణం పెట్టుకోవద్దు. మందం బాగుండి వణుకు మాత్రమే ఉంటే బ్రేక్ పడకుండా పోదు. అయినా ఘాట్ రోడ్డులో వణికే స్టీరింగ్ పట్టుకుని మీరు ప్రశాంతంగా నడపలేరు, అది కూడా సరిచేయించుకునే వెళ్లండి. మార్పిస్తే బయల్దేరడానికి కనీసం వారం పది రోజుల ముందు మార్పించండి. కొత్త ప్యాడ్లు కొత్త డిస్క్‌ల మీద సమంగా కూర్చోవడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది, అప్పటిదాకా బ్రేక్ కాస్త తక్కువ పట్టినట్టు అనిపించడం సహజం. ఖాళీగా ఉన్న రోడ్డు మీద 50, 60 నుంచి మెల్లగా 10కి తగ్గిస్తూ, పూర్తిగా ఆగకుండా, మధ్యమధ్య చల్లారనిస్తూ పదిసార్లు బ్రేక్ వేయండి. ఆదివారం పొద్దున్నే సాగర్ రోడ్డు మీద చేసుకోవచ్చు. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు ఒకసారి మళ్లీ బిగువు చూపించండి.

కొలత వచ్చాక ఆ రెండు అంకెలు, జాబ్ కార్డు ఫొటోతో సహా నాకు పంపండి. శ్రీశైలం బయల్దేరేలోపే చూసి చెప్తాను.